కరోనా టైంలో (2021) గర్భిణుల చెకప్‌లు: ఏది మానొచ్చు, ఏది మానకూడదు?

ఐదోనెల_అమ్మ:
నాకిప్పుడు 19వ వారం. వచ్చే వారం అనామలీ స్కాన్. ఇంట్లోవాళ్ళేమో "కేసులు తగ్గాక వెళ్దువులే" అంటున్నారు. నాకూ భయంగానే ఉంది. మీరంతా ఏం చేశారు?

రెండోసారి_తల్లి:
కేసులు తగ్గేదాకా ఆ స్కాన్ ఆగదమ్మా. 18 నుంచి 22 వారాల్లోపే చేయించుకోవాలి, బిడ్డ గుండె, వెన్నెముక, కిడ్నీలు చూసేది అప్పుడే. పోయినేడు, 2020లో, నేను పొద్దున్నే మొదటి టైం అడిగి తీసుకున్నా. పిలిచేదాకా బయటే నిలబడ్డా. మావారిని లోపలికి రానివ్వలేదు, ఆ బాధ వేరే లెండి. మాస్కులోంచి ఆవిరొచ్చి కళ్ళజోడు మసకబారింది. తీసి తుడుచుకునేసరికి బుజ్జిది అటు తిరిగిపోయింది!

చిన్నిపాదాలు:
స్కాన్లూ రక్తపరీక్షలూ తప్ప మిగతావన్నీ మా డాక్టరుగారు ఫోన్లోనే కానిచ్చారు. షుగర్ టెస్టు 24 నుంచి 28 వారాల మధ్య చేస్తారు కదా, గర్భిణులకు వేసే మామూలు టీకా కూడా అదే రోజు వేస్తారేమో అడగండి, ఒక తిరుగుడు తప్పుతుంది. మేం బీపీ మిషన్ కొన్నాం. మొదటి వారమంతా ఎక్కువ చూపించి హడలగొట్టింది. తీరా చూస్తే నేను మెట్లెక్కొచ్చి కూలబడి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కొలుస్తున్నా! బాత్రూంకి వెళ్ళొచ్చి, ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో ఉండేలా బల్ల మీద పెట్టాక మామూలుకొచ్చింది. 140/90 అయినా, దాటినా కబురు చేయమన్నారు.

ముప్పైమూడో_వారం:
ఫోన్లో అన్నీ తేలవండీ. నాకు ఒకరోజంతా తలనొప్పి, కళ్ళముందు మెరుపులు. ఫోన్ చేస్తే "నిద్ర చాలక అయ్యుంటుంది, పడుకోండి" అన్నారు. ఇంట్లో మిషన్ లేదు. మర్నాడు ఉండబట్టలేక వెళ్తే బీపీ 160/110, మూత్రంలో ప్రోటీన్. అక్కడికక్కడే చేర్చుకున్నారు. ఆసుపత్రి పేరు వద్దులెండి, కానీ ఆ ఒక్క రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తగ్గని తలనొప్పి, చూపు మసక, పైకడుపులో నొప్పి, ముఖం వాపు, రక్తం కనపడ్డం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం... వీటికి ఫోన్లో మాట్లాడి ఊరుకోవద్దు, బయల్దేరాల్సిందే. కరోనా వార్డు వేరుగా ఉంటుంది, ప్రసూతి వైపు వేరే దారి ఉందేమో ముందే కనుక్కోండి.

పాజిటివ్_అయినదాన్ని:
నాకు 30వ వారంలో వచ్చింది. జ్వరానికి పారాసిటమాల్ రాశారు. ఐబుప్రోఫెన్ జోలికి పోవద్దన్నారు, 20 వారాలు దాటాక బిడ్డ కిడ్నీల మీద పడుతుందట. ఆక్సిజన్ 95 కంటే తగ్గితే వెంటనే రమ్మన్నారు. ఒక రాత్రి వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ 91 చూపించింది, ఇంట్లో అందరం లేచిపోయాం. గోళ్ళరంగు తుడిచి పెడితే 97! ఆ రంగు డబ్బా మళ్ళీ ముట్టుకోలేదు. అప్పటికి గర్భిణులకు కరోనా టీకా ఇవ్వట్లేదు. 2021 జూలై నుంచి వేస్తున్నారు కాబట్టి మీ డాక్టరుతో మాట్లాడి వేయించుకోండి. కడుపుతో ఉన్నప్పుడు ఈ జబ్బు ముదిరే ప్రమాదం, నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం ఎక్కువే.

ఐదోనెల_అమ్మ:
వెళ్ళొచ్చానండీ! అంతా బాగుందన్నారు. మాస్కు పైఅంచుకి టేప్ అంటించుకుని వెళ్ళా, అద్దాలు మసకబారలేదు, బుజ్జి కాళ్ళు రెండూ చూశా. ఇంతకీ బీపీ మిషన్ మణికట్టుకి పెట్టేది కొననా?

చిన్నిపాదాలు:
వద్దు, మోచేతి పైన చుట్టేదే తీసుకోండి. పట్టీ సైజు చూసుకోండి, బిగుతైతే మళ్ళీ హడలగొడుతుంది.