విశాఖ చుట్టుపక్కల ఆవలు, జలాశయాలు: పెద్దవారితో, పిల్లలతో ఎక్కడికి వెళ్లవచ్చు?

ప్రశ్న (మధురవాడ నుంచి)

అందరికీ నమస్కారం. మేము మధురవాడలో స్థిరపడి పన్నెండేళ్లు అయింది. ఆదివారం వచ్చిందంటే రుషికొండ, కాకపోతే భీమిలి రోడ్డు, ఇంకా ఓపిక ఉంటే కైలాసగిరి. మా ఇంటి విహారాలన్నీ ఈ మూడింటి మధ్యనే తిరుగుతున్నాయి. ఇటీవల కొన్ని నెలలుగా మా అమ్మగారు మా దగ్గరే ఉంటున్నారు. ఆమె పుట్టి పెరిగింది గోదావరి వైపు పల్లెటూరు కావడంవల్ల సముద్రపు హోరు ఆమెకు అంతగా పట్టదు. "కాసేపు చెరువు గట్టున కూర్చుని వద్దామంటే మీ ఊళ్లో చెరువే లేదా నాయనా" అని మొన్న అడిగితే నా దగ్గర సరైన సమాధానం లేకపోయింది.

డిసెంబరు, జనవరి నెలల్లో రెండు మూడు ఆదివారాలు ఇందుకోసం కేటాయించాలని అనుకుంటున్నాము. సొంత కారు ఉంది. అమ్మగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పుల వల్ల మెట్లు ఎక్కలేరు. పిల్లలకు పదకొండు, ఏడేళ్లు. వారికి పడవ ఎక్కాలని, వీలైతే నీళ్లలో దిగాలని కోరిక. ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరగలిగిన చోట్లు ఏవి, ఎక్కడ ఏమి చూడవచ్చు, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి అన్నది అనుభవం ఉన్నవారు తెలియజేయగలరు.

సమాధానం 1 (అనకాపల్లి నుంచి)

మీ అమ్మగారి ప్రశ్నలో న్యాయం ఉంది. ఉత్తరాంధ్రలో నీటి పేర్లను కొంచెం గమనిస్తే మీకు ఎటు వెళ్లాలో సగం తెలిసిపోతుంది. గెడ్డ అంటే కొండల మీది నుంచి దిగివచ్చే వాగు; లోవ అంటే కొండల నడుమ ఉన్న లోయ; ఆవ అంటే చుట్టుపక్కల వాననీరు, వాగునీరు చేరి ఏడాది పొడవునా నిలిచి ఉండే లోతట్టు నేల. మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ, కల్యాణపులోవ అని మనం చెప్పుకునేవన్నీ వాగుకో లోయకో అడ్డంగా కట్ట వేసి, తాగునీటికో సాగునీటికో నిలిపిన జలాశయాలు. వాటిని చూడవచ్చు, గట్టున కూర్చోవచ్చు గాని, అవి ముందుగా కుళాయికీ పొలానికీ చెందిన నీళ్లు. సహజంగా ఏర్పడిన మంచినీటి సరస్సు కావాలంటే మీరు రావలసింది మా వైపు, కొండకర్ల ఆవకు.

మధురవాడ నుంచి జాతీయ రహదారి మీద అనకాపల్లి వచ్చి, అక్కడ పూడిమడక రోడ్డు పట్టుకుని మునగపాక మీదుగా అచ్యుతాపురం వైపు వెళ్లాలి. రాష్ట్రంలో కొల్లేరు తరువాత పెద్ద మంచినీటి సరస్సుగా దీనిని చెబుతారు. 2022లో జిల్లాల విభజన జరిగిన నాటి నుంచి ఇది అనకాపల్లి జిల్లాలో ఉంది. ఒకవైపు కొండలు, మరొకవైపు తాటితోపులు, మధ్యలో తామరలు, తుంగ, వాటి సందుల్లో నీరు. కొల్లేరు చూసిన కళ్లకు ఇది చిన్నదిగా కనిపించవచ్చు గాని, మీ అమ్మగారు అడిగిన "చెరువు గట్టు" మాత్రం సరిగ్గా ఇక్కడే దొరుకుతుంది.

ఇక్కడి ప్రత్యేకత పడవలు. తాటిమాను మొదళ్లను తొలిచి చేసిన రెండు దోనెలను జతగా బిగించి, వెదురు గడతో తోస్తూ నడుపుతారు. స్థానిక మత్స్యకారులు చేపలవేటకు వాడేవి ఇవే. ఇంజను ఉండదు కనుక పక్షులు బెదరవు. నీటి మట్టానికి అతి దగ్గరగా కూర్చోవలసి వస్తుంది కాబట్టి పిల్లలకు ఎంతో సంతోషంగా ఉంటుంది గాని, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని అందులోకి దించడం, మళ్లీ లేపడం ఇబ్బందే. ఆమెను ఒడ్డున నీడలో కూర్చోబెట్టడమే మేలు.

ఎండ ముదరక ముందే చేరుకోండి. తొమ్మిది దాటితే పక్షులు తుంగలోకి తప్పుకుంటాయి, మధ్యాహ్నానికి తామరలు ముడుచుకుంటాయి. పదకొండు గంటలకు వచ్చి "ఇక్కడేముంది, గుర్రపు డెక్క తప్ప" అని విసుక్కుంటూ వెళ్లినవారిని నేను చాలామందిని చూశాను. గుర్రపు డెక్క ఉన్న మాట నిజమే, కొన్నేళ్లుగా అది నీటిని కమ్ముకుంటూ రావడం మాకూ బాధగానే ఉంది. కాని చలికాలపు ఉదయాన నారాయణ పక్షి ఒంటికాలి మీద నిలబడి ఉండటం, లకుముకి పిట్ట గాలిలో ఒకే చోట రెక్కలాడిస్తూ ఆగి నిట్టనిలువున నీళ్లలోకి దూకడం, నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకోవడం మీ పిల్లలు ఒక్కసారి చూస్తే ఆ డెక్క సంగతి మరిచిపోతారు. వలస పక్షులు కూడా ఈ నెలల్లోనే వస్తాయి. బైనాక్యులర్ ఉంటే తప్పక తెచ్చుకోండి.

అసలు విషయానికి సంబంధం లేని మాట ఒకటి: జనవరిలో వస్తే మునగపాక చుట్టుపక్కల బెల్లం వండే గానుగలు నడుస్తుంటాయి. అడిగితే వేడివేడి పాకం రుచి చూపించేవారు ఇప్పటికీ ఉన్నారు.

సమాధానం 2 (ఆరిలోవ నుంచి)

పై మిత్రులు చెప్పినదంతా బాగుంది గాని, మధురవాడలో ఉంటూ మొదటి ఆదివారమే పెద్దావిడను అంత దూరం తిప్పడం ఎందుకు? హనుమంతవాక నుంచి అడవివరం వెళ్లే దారిలో ముడసర్లోవ ఉంది. పక్కనే పార్కు, చుట్టూ కొండలు. జలాశయం మీద నగరపాలక సంస్థ 2018లో ఏర్పాటు చేసిన రెండు మెగావాట్ల తేలియాడే సౌరవిద్యుత్ పలకలు కనిపిస్తాయి. నీళ్ల మీద కరెంటు ఎలా తయారవుతుందని మీ పెద్దబ్బాయి తప్పక అడుగుతాడు, సమాధానం సిద్ధం చేసుకుని వెళ్లండి. నీటిలో దిగే ఆలోచన మాత్రం ఇక్కడ వద్దు.

జంతు ప్రదర్శనశాలకు దగ్గరలోని కంబాలకొండ అభయారణ్యంలో కూడా చిన్న జలాశయం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ అడవిని అతలాకుతలం చేసిన తరువాత మేము వెళ్లి కళ్లనీళ్లు పెట్టుకున్నాము. ఇప్పుడు మళ్లీ పచ్చబడింది. బోటు నడుస్తున్నదీ లేనిదీ ప్రవేశద్వారం వద్దనే అడిగి, ఆ తరువాతే పిల్లలకు ఆశ పెట్టండి.

సమాధానం 3 (జలాశయాల నిర్వహణలో పనిచేసి విరమణ పొందిన ఒక ఇంజనీరు)

"వీలైతే నీళ్లలో దిగాలని" అన్న మాట చదివి రాస్తున్నాను. ఊరి చెరువులో ఈత నేర్చుకున్నవారు జలాశయం కూడా అలాంటిదే అనుకుంటారు. చెరువు అడుగు చాలావరకు సమంగా ఉంటుంది; జలాశయం అడుగున పాత నది గర్భం అలాగే మిగిలి ఉంటుంది కాబట్టి, మోకాలి లోతులో నడుస్తున్న మనిషి ఒక్క అడుగు తేడాలో నిలువు లోతుకు జారిపోవచ్చు. నీటి మట్టం తగ్గుతున్న రోజుల్లో అంచున పైకి ఎండినట్టు కనిపించే ఒండ్రు మట్టి కింద మెత్తగా ఉండి కాలిని పట్టేస్తుంది. తూము దగ్గర నీరు పైకి నిశ్చలంగా ఉన్నా లోపల లాగుతూనే ఉంటుంది. ఈ మూడూ ఒడ్డున నిలబడి చూసేవారికి కనిపించేవి కావు. అందుచేత పిల్లలను ఏ జలాశయంలోనూ దించవద్దు; నీళ్లలో ఆడాలనుకుంటే కాపలా ఉన్న ఈతకొలనుకు తీసుకువెళ్లండి.

పడవ విషయంలో మొహమాటం పనికిరాదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద జరిగిన ప్రమాదంలో మన ప్రాంతం వారు కూడా ఉన్నారు. దాని తరువాత నిబంధనలు గట్టిపడ్డాయి గాని, నిబంధన కాగితం మీద ఉండటం వేరు, లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండటం వేరు. రెండేళ్ల క్రితం ఒక జలాశయంలో పది మంది ఎక్కిన పడవలో ఆరు జాకెట్లే ఇచ్చి, "దగ్గరే కదా సార్" అన్నారు. మా మనవళ్లు ఏడుస్తున్నా దిగిపోయాము. పిల్లలకు పిల్లల కొలత జాకెట్టే కావాలి. పెద్దవారిది వేస్తే నీటిలో పడినప్పుడు అది పైకి జారి, తల లోపలే ఉండిపోతుంది.

చూడదగినది ఒకటి చెప్పమంటే తాటిపూడి అంటాను. విజయనగరం జిల్లాలో గోస్తనీ నది మీద 1963-68 మధ్య కట్టిన జలాశయం అది. విశాఖ నగరానికి తాగునీరు అందించే వనరులలో ఒకటి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చి, చివరకు మీ భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తని ఇదే అని చెబితే పిల్లలకు ఆసక్తి కలుగుతుంది. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా దారి. నైరుతి వర్షాల నీరు నిండి ఉంటుంది కాబట్టి డిసెంబరు దీనికి మంచి నెల; ఏప్రిల్‌లో వెళ్తే బీటలు వారిన ఒడ్డు చూసి రావలసి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నీళ్లలో దిగే ఆలోచన పూర్తిగా మానుకున్నాము. లంబసింగి దగ్గర తాజంగి జలాశయం బాగుంటుందని మా తోడల్లుడు అంటున్నారు. ఒక్క రోజులో సాధ్యమేనా?

సమాధానం 4 (నర్సీపట్నం నుంచి)

సాధ్యం కాదు, మీ అమ్మగారితో అసలే కాదు. లంబసింగికి కొర్రబయలు అని ఊరికే పేరు రాలేదు. బయట ఉంటే కొర్రులా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని దాని అర్థం. మంచు చూడాలంటే తెల్లవారేసరికి అక్కడ ఉండాలి, అందుకు అర్ధరాత్రి బయలుదేరి ఘాట్ రోడ్డు ఎక్కాలి. డిసెంబరు ఆదివారాల్లో వాహనాల బారులో చిక్కుకుంటే సగం పొద్దు కారులోనే గడిచిపోతుంది. రాత్రి బస పెట్టుకుని, మామూలు రోజున, మీరు దంపతులు పిల్లలతో వెళ్లండి. తాజంగి నీళ్లు మాత్రం నిజంగా చూడదగినవే.

సమాధానం 5 (అనకాపల్లి నుంచి, మళ్లీ)

కొండకర్లకు వచ్చే రోజున అమ్మగారి కోసం మడత కుర్చీ ఒకటి కారులో పెట్టుకోండి. నేల మీద కూర్చుని లేవడం ఆమెకు కష్టం. ఫలహారం ఇంటి నుంచే తెచ్చుకోవడం మంచిది. దోనె ఎక్కే ముందు అద్దె ఎంతో మాట్లాడుకుని, గట్టు మీద తామరపూలు అమ్మే పిల్లలు కనిపిస్తే రెండు కొనండి. చీకటితో లేచి కోసుకువచ్చిన పూలు అవి.