మొదటిసారి అసెంబుల్ చేసుకునే హ్యాకింతోష్‌కు ఏ పార్టులు కొనాలి?

ప్రశ్న (మల్కాజ్‌గిరి నుంచి)

అందరికీ నమస్కారం. నేను చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పగలంతా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లిపత్రికలు, కరపత్రాలు, పుస్తకాల పేజీలు చేస్తుంటాను కాబట్టి విండోస్ లేకుండా నాకు రోజు గడవదు. రాత్రిపూట పిల్లల కథలు చదివి రికార్డు చేస్తాను. ఒక మిత్రుడి స్టూడియోలో లాజిక్ ప్రో అనే ఆపిల్ ఆడియో సాఫ్ట్‌వేర్ మీద పని నేర్చుకున్నందువల్ల చెయ్యి దానికే అలవాటు పడింది, అదేమో కంప్యూటర్లలో మ్యాక్‌ఓఎస్ మీద తప్ప నడవదు. అందుకని ఒకే క్యాబినెట్‌లో రెండు డ్రైవులు పెట్టి, ఒకదానిలో విండోస్, మరొకదానిలో మ్యాక్‌ఓఎస్ వేసుకోవాలని, అంటే హ్యాకింతోష్ (ఆపిల్‌ది కాకపోయినా మ్యాక్‌ఓఎస్ నడిపే కంప్యూటర్) కట్టుకోవాలని అనుకుంటున్నాను. ర్యామ్ మార్చడం తప్ప కంప్యూటర్‌ను స్వయంగా బిగించిన అనుభవం నాకు లేదు. మానిటర్, కీబోర్డు, మౌస్ ఉన్నాయి. మిగతావాటికి 45 వేల రూపాయల వరకు పెట్టగలను. సికింద్రాబాద్ సీటీసీలో విచారిస్తే ఒక దుకాణంలో 12వ తరం ఐ5 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3050 కార్డు వేసి కొటేషన్ ఇచ్చారు. దానితో ముందుకు వెళ్లవచ్చునా?

మొదటి జవాబు

దయచేసి ఆ కొటేషన్‌కు అడ్వాన్స్ ఇవ్వకండి. విండోస్‌కు అది చక్కగా సరిపోతుంది గాని, మీరు చెప్పిన రెండో పనికి అందులోని గ్రాఫిక్స్ కార్డు అసలు పనికిరాదు, ప్రాసెసర్ సగమే పనికివస్తుంది.

మామూలుగా మనం డబ్బుకు అందే పార్టుల్లో కొత్తది ఏదో చూసి కొంటాం. ఇక్కడ మాత్రం ఆపిల్ తన సొంత కంప్యూటర్లలో ఏది వాడిందో చూసి, దానికి దగ్గరగా ఉన్నదే కొనాలి. మ్యాక్‌ఓఎస్‌లో డ్రైవర్లు ప్రధానంగా ఆ పార్టులకే ఉంటాయి. ఎన్విడియా పాస్కల్ తరం కార్డులకు డ్రైవర్లు 2017 నాటి మ్యాక్‌ఓఎస్ వెర్షన్ హై సియెరాతోనే ఆగిపోయాయి, ఆర్‌టీఎక్స్ పేరున్న కార్డులకు ఎన్నడూ రాలేదు. 12వ తరం ఇంటెల్ ప్రాసెసర్‌ను కొన్ని సర్దుబాట్లతో నడిపించవచ్చు గాని, దానిలోపలి గ్రాఫిక్స్‌ను మ్యాక్‌ఓఎస్ గుర్తించదు. 2020 నాటి 27 అంగుళాల ఐమ్యాక్‌లో ఉన్నది 10వ తరం ఇంటెల్. ఆ తరువాత ఐమ్యాక్‌లన్నీ ఆపిల్ సొంత చిప్‌లతోనే వచ్చాయి. కాబట్టి మీకు తగినది ఐ5-10400. అందులోని యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్ మ్యాక్‌ఓఎస్‌లో నేరుగా పనిచేస్తుంది, మీరు చేసేది ఆడియో పని గనుక వేరే గ్రాఫిక్స్ కార్డు కొనవలసిన అవసరమే లేదు.

పెట్టె మీది అంకె పక్కన అక్షరం కూడా చూసుకోండి. నేను మొదటిసారి కొన్నప్పుడు 10400 అనే అంకె ఒక్కటే చూశాను. చివర 'ఎఫ్' ఉన్న సంగతిని దుకాణంలో అడిగితే, "రెండూ ఒకటేనండి, ఇది కాస్త తక్కువకు వస్తుంది" అన్నారు. ఇంటికి వచ్చి రాత్రి పదకొండింటికి అన్నీ బిగించి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, మానిటర్ మాత్రం నల్లగానే ఉండిపోయింది. తెల్లవారే దాకా ర్యామ్ తీసి తుడిచి మళ్లీ పెడుతూనే ఉన్నాను. 'ఎఫ్' అంటే లోపల గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్ అని మరునాడు తెలిసింది.

రెండో జవాబు

పై మాటలన్నీ నిజమే గాని, ఒక ముందు ప్రశ్న మిగిలిపోయింది. కొత్తగా ఇప్పుడు ఇది కట్టడం అవసరమా? ఇంటెల్ మ్యాక్‌లకు మ్యాక్‌ఓఎస్ టహో 26 చివరి వెర్షన్ అని ఆపిల్ 2025 జూన్‌లో ప్రకటించింది. అంటే ఈ దారి ముగింపు ఎక్కడో తెలిసిపోయింది. ఆపిల్ లైసెన్సు ప్రకారం మ్యాక్‌ఓఎస్‌ను ఆ కంపెనీ కంప్యూటర్లలోనే వాడాలి, అందువల్ల ఏ అప్‌డేట్‌తో ఏది ఆగిపోయినా అడగడానికి ఎవరూ ఉండరు. ఆపిల్ సొంత చిప్ ఉన్న ఎం4 మ్యాక్ మినీ 2024లో మన దేశంలో 59,900 రూపాయలకు, 16 జీబీ ర్యామ్‌తో వచ్చింది. ఇంకో పదిహేను వేలు కూడబెట్టుకోగలిగితే మీ రికార్డింగులు నిశ్చింతగా సాగుతాయి.

ప్రశ్న అడిగినవారి మాట

మీ సలహా న్యాయమైనదే, నేనూ చాలా రోజులు దాని గురించే ఆలోచించాను. అయితే మినీ కొన్నా విండోస్ పని తీరదు. ఆపిల్ చిప్‌ల మీద విండోస్‌ను విడిగా బూట్ చేసే వీలు లేదు, డీటీపీ కోసం నేను మరో కంప్యూటర్ కొనక తప్పదు. ఇప్పుడు కట్టే కంప్యూటర్‌లో మ్యాక్‌ఓఎస్ రేపు ఆగిపోయినా విండోస్ వైపు నా జీవనాధారం నడుస్తుంది. అందుకే ఇదే దారిలో వెళ్దామని నిశ్చయించుకున్నాను. మదర్‌బోర్డు, డ్రైవుల విషయం ఎవరైనా చెప్పగలరా?

మూడో జవాబు

నేను ఇలాంటిదే వాడుతున్నాను కాబట్టి నాకు తెలిసినది వివరంగా రాస్తాను. 10400 ప్రాసెసర్ ఎల్‌జీఏ 1200 సాకెట్‌ది. బీ460 బోర్డు దొరికితే తీసుకోండి. బీ560 కూడా పనిచేస్తుంది, కానీ అటువంటి చాలా బోర్డుల్లో ప్రాసెసర్‌కు దగ్గరగా ఉండే మొదటి ఎం.2 స్లాట్ (సన్నటి ఎస్‌ఎస్‌డీ డ్రైవును నేరుగా బోర్డులో గుచ్చే చోటు) 11వ తరం ప్రాసెసర్ ఉంటేనే నడుస్తుంది. 10వ తరం పెట్టినవారు డ్రైవు పాడైందని అనుకుని దుకాణం చుట్టూ తిరుగుతారు. రెండో స్లాట్‌లో పెడితే సరిపోతుంది. మ్యాక్‌ఓఎస్‌ను ఎం.2 డ్రైవులో, విండోస్‌ను సాటా ఎస్‌ఎస్‌డీలో వేసుకోండి. ల్యాప్‌టాప్‌ల నుంచి తీసి చవకగా అమ్మే డ్రైవుల జోలికి వెళ్లకండి. శాంసంగ్ పీఎం981, మైక్రాన్ 2200ఎస్ వంటివి మ్యాక్‌ఓఎస్‌లో కెర్నల్ ప్యానిక్ (సిస్టమ్ ఒక్కసారిగా కుప్పకూలడం) తెస్తాయని, హ్యాకింతోష్‌లను బూట్ చేయడానికి వాడే ఓపెన్‌కోర్ సాఫ్ట్‌వేర్ గైడ్ హెచ్చరిస్తోంది.

వైఫై కార్డు మీద డబ్బు పెట్టకండి. హ్యాకింతోష్‌లలో అందరూ వాడిన బ్రాడ్‌కామ్ కార్డులకు 2023లో వచ్చిన సొనోమా వెర్షన్‌లో ఆపిల్ మద్దతు తీసేసింది. ఇంటెల్ ఐ219-వీ గాని, రియల్‌టెక్ 8111 గాని నెట్‌వర్క్ చిప్‌గా ఉన్న బోర్డు చూసుకుని రౌటర్ నుంచి వైరు లాగండి. వెర్షన్ విషయంలో టహో వద్దు, సెకోయా 15 వేయండి. టహోలో బోర్డు సౌండ్‌కు ఆధారమైన పాత ఆడియో డ్రైవరునే ఆపిల్ తొలగించింది.

విండోస్ వేసేటప్పుడు మ్యాక్ డ్రైవును విప్పి పక్కన పెట్టండి, లేకపోతే విండోస్ తన బూట్ ఫైళ్లను అందులో రాసే ప్రమాదం ఉంది. రెండూ వేశాక విండోస్‌లో గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోయి కనిపిస్తే భయపడకండి. మ్యాక్‌ఓఎస్ బోర్డు గడియారాన్ని గ్రీన్‌విచ్ సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఒక్క విలువ చేరిస్తే సరిపోతుంది, కానీ అది చేసేవరకు మీ బిల్లుల మీద సమయం తప్పుగా పడుతుంది.

ప్రశ్న అడిగినవారి మాట

ఎంతో మేలు చేశారండి. నా మైకు యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా వెళ్తుంది. దానికి ప్రత్యేకంగా ఏమైనా చూసుకోవాలా?

మూడో జవాబు ఇచ్చినవారు

ప్రత్యేక డ్రైవరు అడగని ఇంటర్‌ఫేస్ అయితే మ్యాక్‌ఓఎస్ దాన్ని నేరుగా గుర్తిస్తుంది. మీరు శ్రద్ధ పెట్టవలసింది పోర్టుల లెక్క మీద. మ్యాక్‌ఓఎస్ ఒక్కో యూఎస్‌బీ కంట్రోలర్‌కు 15 పోర్టులే అనుమతిస్తుంది. నీలిరంగు యూఎస్‌బీ 3 పోర్టు ఒక్కటే రెండుగా లెక్కకు వస్తుంది. ఒక పాత పెన్‌డ్రైవు, ఒక యూఎస్‌బీ 3 పెన్‌డ్రైవు తీసుకుని ప్రతి పోర్టులో ఒకదాని తరువాత ఒకటి గుచ్చి, ఏ పోర్టు ఏ పేరుతో కనిపించిందో కాగితం మీద రాసుకోండి. తరువాత, ఏ పోర్టులు వాడాలో మ్యాక్‌ఓఎస్‌కు చెప్పే మ్యాప్ నుంచి మీరు వాడని పోర్టులను తీసేసి, ఇంటర్‌ఫేస్ పెట్టే వెనుక పోర్టును తప్పక ఉంచండి. నేను ఈ పని వాయిదా వేసినన్నాళ్లూ కంప్యూటర్ స్లీప్ నుంచి లేచిన ప్రతిసారీ మైకు మాయమయ్యేది; మ్యాప్ చేసిన రాత్రి నుంచి ఒక్కసారి కూడా పోలేదు.