బట్టీ కూలీల అడ్వాన్సును చర్చి సంఘం చెల్లించి వాళ్లను విడిపించవచ్చా?

యువజన సమాజం, సికింద్రాబాద్: నగర శివారు ఇటుక బట్టీల్లో అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వని ఒడిశా కుటుంబాలున్నాయి. కానుకల డబ్బుతో ఆ బాకీ కట్టేసి ఊరికి పంపితే తప్పేంటి? నెహెమ్యా 5:8లో అన్యులకు అమ్ముడుపోయిన సోదరులను వెల ఇచ్చే విడిపించారు. క్రీస్తు వెల చెల్లిస్తే విడుదలైన మనం వెనకాడటం సరికాదు.

కార్మిక కేసుల వకీలు: కట్టొద్దు బ్రదర్. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం సెక్షన్ 6తో ఆ బాకీ ఎప్పుడో రద్దయింది. దాని కింద ఓనరు డబ్బు తీసుకుంటే సెక్షన్ 9 ప్రకారం మూడేళ్ల దాకా జైలు. మీరు కట్టారంటే "లెక్క తేలింది, ఇష్టపడే పనిచేశారు" అంటాడు. కూలీలకు రిలీజ్ సర్టిఫికెట్, అంటే వెట్టి నుంచి విడుదలయ్యారనే అధికారిక పత్రం, రాదు, దాంతో వచ్చే 30,000 రూపాయల వరకు తక్షణ సాయమూ పోతుంది. మీ డబ్బేమో వచ్చే నువాఖాయికి, అంటే ఒడిశా కొత్తపంట పండక్కి, సర్దార్ (కూలీలను కుదిర్చే మేస్త్రీ) చేతిలో ఇంకో కుటుంబానికి అడ్వాన్సవుతుంది.

కలెక్టరుకో ఆర్డీఓకో రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి. రంగారెడ్డి జిల్లా అయితే కలెక్టరేట్ కొంగరకలాన్‌లో ఉంది. అడ్వాన్సు ఎవరిచ్చారు, ఎంత, ఏ నెలలో. వెయ్యి ఇటుకలకు రేటెంత. వారానికి తిండి ఖర్చులకు ఎంతిస్తున్నారు. వెళ్తామంటే ఎవరు ఆపారు. పిల్లలు పనిచేస్తున్నారా – కుటుంబానికొక కాగితం రాయండి. కేసులు ఎక్కువగా చెడేది వాంగ్మూలం దగ్గరే: ఓనరు ఎదురుగా అడిగితే ఎవరూ నోరు విప్పరు. విడిగా అడగమని పట్టుబట్టండి, ఒడియా వచ్చిన మనిషిని తీసుకెళ్లండి. అది వెట్టి బాకీ కాదని రుజువు చేయాల్సిన భారం ఓనరుదే, సెక్షన్ 15.

పాస్టర్, మల్కాజిగిరి: చట్టం మంచిదే వకీలు గారూ. విచారణ వచ్చేలోపు రాత్రికి రాత్రే లారీ ఎక్కించి ఇంకో బట్టీకి తరలిస్తే? జ్వరంతో ఉన్న పసిబిడ్డ తల్లికి సెక్షన్లు చెప్పి ఏం లాభం?

వకీలు: బిడ్డకు 108 పిలవండి, ఆస్పత్రి ఖర్చు సంఘం పెట్టుకోవచ్చు, అది బాకీ కట్టడం కాదు. తరలిస్తారనే భయం నిజమే, అందుకే ఫిర్యాదు సంగతి ఆదివారం ఆరాధనలో ప్రకటించకండి.

బైబిలు పాఠాలు చెప్పే సోదరి: నెహెమ్యా అధ్యాయం 8వ వచనంతో ఆగదు. 10, 11 వచనాల్లో వడ్డీ మానమని, పొలాలు ఈరోజే తిరిగి ఇచ్చేయమని, అప్పుల కింద వాటిని లాక్కున్న ప్రధానులను నిలదీశాడు. వాళ్లకు పైసా ఇవ్వలేదు. ఇశ్రాయేలీయులతో వెట్టి చేయించి ఇటుకల లెక్క తగ్గించనివ్వని ఫరోకు కూడా మోషే వెల కట్టలేదు. కానుకలు ఎక్కడ వాడాలో ద్వితీయోపదేశకాండము 15:13-14 చూపిస్తోంది: విడిపించినవాణ్ణి వట్టిచేతులతో పంపొద్దు, మందలోంచి, కళ్లంలోంచి ఇచ్చి పంపమంది. అంటే రైలు టికెట్లు, ఊళ్లో మొదటి రెండు నెలల బియ్యం, పిల్లల బడి. అసలు పునరావాసం, అంటే లక్ష నుంచి మూడు లక్షల దాకా, ఓనరుకు శిక్ష పడితేనే అందుతుంది. సాక్ష్యానికి వాళ్లు ఒడిశా నుంచి రావాలి. ఆ దారిఖర్చు, బస మనం చూసుకోకపోతే కేసు వీగిపోతుంది. ఇంకో మాట, ఈ సాయానికి బాప్తిస్మం ముడిపెట్టొద్దు.

పాస్టర్: ఒప్పుకుంటానమ్మా, కానీ ఫిర్యాదిచ్చినా ఎవరూ కదలకపోతే కుటుంబాలు అక్కడే కదా ఉండేది?

వకీలు: కలెక్టరేట్‌లో రసీదు ముద్ర వేయించుకున్న కాపీని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అదే రోజు ఇవ్వండి. అప్పటికీ కదలకపోతే ఆ ముద్ర ఉన్న కాపీతోనే హైకోర్టులో రిట్, అంటే అధికారులను కదలమని ఆదేశించమనే పిటిషన్, వేస్తాం.