దృష్టి-10ను స్వదేశీ డ్రోన్ అనవచ్చునా?

ప్రశ్న: గాజువాక విద్యార్థి

2024 జనవరిలో నాటి నౌకాదళాధిపతి అడ్మిరల్ హరికుమార్ హైదరాబాద్‌లో తొలి దృష్టి-10ను ఆవిష్కరించినప్పుడు, దానిని స్వదేశీ డ్రోన్‌గానే పరిచయం చేశారు. అయితే అది ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్ సంస్థ హెర్మీస్-900 నమూనాపై తయారైనదని తరువాత చదివాను. తూర్పు నౌకాదళ కేంద్రమైన మన విశాఖలో ఈ రంగం తెలిసిన పెద్దలు ఉంటారు కనుక అడుగుతున్నాను: పరాయి నమూనాను ఇక్కడ తయారుచేసినంత మాత్రాన ఆ విద్య మనదవుతుందా?

జవాబు: విశ్రాంత నౌకాదళ సాంకేతికుడు, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు

బాబూ, సముద్రంపై నిఘాకు ఓపిక కావాలి. 36 గంటలపాటు గాలిలో ఉంటూ 450 కిలోల పరికరాలు మోయగలగడమే ఈ విమానం విలువ. దాని ఉబ్బెత్తు ముక్కులో ఉపగ్రహ యాంటెన్నా, పొట్ట కింద అటూ ఇటూ తిరిగే కెమెరా బంతి, వెనుక నుంచి తోసే ప్రొపెల్లర్ కనిపిస్తాయి. హెర్మీస్-900 ఇంజిన్ ఆస్ట్రియాలో తయారయ్యే రోటాక్స్. అంటే మనకు నేర్పినవారు కూడా ఇంజిన్ కొనుక్కున్నవారే! కనుక ఏ భాగం ఎక్కడ తయారైందన్న లెక్కతో ఈ ప్రశ్న తేలదు. కొత్త రాడార్‌ను బోల్టులతో బిగించడం మన వర్క్‌షాపు కుర్రాళ్లకు చిటికెలో పని. ఆ రాడార్ పసిగట్టినదాన్ని మిషన్ కంప్యూటర్ అర్థం చేసుకోవాలంటే మాత్రం సాఫ్ట్‌వేర్ మూల కోడ్ చేతిలో ఉండాలి, లేదా ప్రతి మార్పుకూ అసలు తయారీదారు గుమ్మం ఎక్కాలి.

జవాబు: సీతమ్మధార పాఠకుడు

పెద్దాయన మాటతో సగమే ఏకీభవిస్తాను. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ సొంతంగా తలపెట్టిన తపస్ డ్రోన్ 30,000 అడుగుల ఎత్తులో 24 గంటలు ఎగరాలన్నది లక్ష్యం. పరీక్షల్లో చేరుకున్నది 28,000 అడుగులు, 18 గంటలు. 2023 జూన్‌లో చిత్రదుర్గ నుంచి లేచిన తపస్ పగ్గాలను, కార్వార్ తీరానికి 148 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఐఎన్‌ఎస్ సుభద్ర నౌక అందుకోవడం చిన్న విషయమేమీ కాదు. అయినా లక్ష్యం అందని విమానం కోసం నౌకాదళం ఎన్నేళ్లని కాచుకుంటుంది? అరువు విద్యతోనైనా ముందు పని జరగాలి.

జవాబు: విశ్రాంత నౌకాదళ సాంకేతికుడు

పని జరగాలి, కాదనను. కానీ టర్కీ అనుభవం చూడండి. 2020 అక్టోబరులో అజర్‌బైజాన్, ఆర్మీనియాల మధ్య నాగోర్నో-కరబఖ్ యుద్ధం సాగుతుండగా, టర్కీ బైరక్తార్ డ్రోన్లకు వాడే వెస్కామ్ కెమెరాల ఎగుమతిని కెనడా ఆపేసింది. టర్కీకే చెందిన అసెల్సాన్ సంస్థ కెమెరా అప్పటికే తయారీలో ఉండబట్టి వారు గట్టెక్కారు. మనం 2024 అక్టోబరులో అమెరికాతో 31 ఎంక్యూ-9బీ డ్రోన్లకు ఒప్పందం చేసుకున్నాం. అందులో 15 నౌకాదళానివి. వాటి మరమ్మతులు దేశంలోనే జరిగే ఏర్పాటు కూడా ఉంది. ఆ షెడ్డులో మనవారు ఏ పెట్టెను విప్పవచ్చో, దేన్ని సీలు తీయకుండా వెనక్కి పంపాలో కనుక్కోండి. మీ ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.