మేమిద్దరం ఆడవాళ్ళం, కలిసి ఉంటున్నాం. మాకు పనికొచ్చే కాగితాలేమిటి?

తార్నాక_వాసి
మొన్న వానలో నా భాగస్వామి స్కూటీ జారి తలకు దెబ్బ తగిలింది. స్పృహ లేదు. ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టించుకునేటప్పుడు నేనెవరో ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆపరేషన్ ఫారం దగ్గరికొచ్చేసరికి ‘పేషెంటుకి మీరేమవుతారు?’ అన్నారు. కలిసి బతుకుతున్నాం అన్నాను. కౌంటర్లో అబ్బాయి ‘ఫ్రెండ్’ అని రాసుకుని, నా చేతికిచ్చిన ఫారం వెనక్కి తీసుకుని, ‘వాళ్ళ వాళ్ళనెవరినైనా పిలిపించండమ్మా’ అన్నాడు. ఏళ్ళుగా మాటల్లేని వాళ్ళ అన్నయ్య ఖమ్మం నుంచి వచ్చి సంతకం పెట్టాడు. తనిప్పుడు కోలుకుంటోంది. మళ్ళీ ఇలాంటిదొస్తే నా చేతిలో ఏముండాలి?

నల్లకుంట_వకీలు
పెళ్ళి రిజిస్ట్రేషన్ ఇప్పటికి కుదరదమ్మా. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు కాదంది, ఆ తీర్పును మళ్ళీ పరిశీలించమని వేసిన రివ్యూ పిటిషన్లు 2025 జనవరిలో కొట్టేశారు. ముందు ఇద్దరూ విల్లు రాసుకోండి. ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించండి, రేపు అన్నదమ్ములు గొడవకొస్తే పనికొస్తుంది. జాయింట్ అకౌంట్‌కీ, నామినీగా పెట్టుకోవడానికీ అడ్డంకి లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ చెప్పింది. అయితే నామినీ డబ్బు తీసుకోగలదంతే, విల్లు లేకపోతే అది చివరికి వారసులకే. వైద్యం విషయంలో నిర్ణయాలు మీరు తీసుకోవచ్చని ఆవిడ రాసిచ్చిన కాగితం ఫైల్లో పెట్టించండి. ఆసుపత్రి ఒప్పుకుంటుందన్న హామీ మాత్రం నేనివ్వలేను.

రిటైర్డ్_మాస్టారు
అన్నిటికీ ఏదో ఒక దారి ఉంది కదమ్మా. మరి పెళ్ళే కావాలని పట్టుదల ఎందుకు? సమాజం ఇంకా సిద్ధంగా లేదు.

తార్నాక_వాసి
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. పెళ్ళి అయిన మర్నాటి నుంచే మీ ఇంటావిడకి మీ ఫ్యామిలీ పెన్షన్ మీద హక్కు వచ్చింది, విల్లు లేకపోయినా ఆస్తిలో వాటా వచ్చింది. మీరేమవుతారని ఆవిణ్ణి ఎవరూ నిలబెట్టి అడగలేదు. నేనెన్ని కాగితాలు రాయించినా పెన్షన్ రాదు, ఇద్దరి పేరునా బిడ్డను దత్తత తీసుకోలేం. ఇద్దరం పన్నులు కడుతున్నాం, ఓట్లేస్తున్నాం, మరి ఇదొక్కటే ఎందుకు లేదు? సుప్రీంకోర్టులో ఆ పెళ్ళి కేసు వేసిన సుప్రియో, అభయ్ మన హైదరాబాద్ వాళ్ళే. 1954లో ప్రత్యేక వివాహ చట్టం తెచ్చినప్పుడు కులాంతర పెళ్ళిళ్ళకి మన ఊళ్ళు సిద్ధంగా ఉన్నాయా? ఊరు ఒప్పుకునేదాకా ఆగుంటే ఎంతమంది ఒంటరిగా మిగిలిపోయేవాళ్ళు!

రిటైర్డ్_మాస్టారు
పెన్షన్ సంగతి నేను ఆలోచించలేదు తల్లీ. పెళ్ళి మాటకి నా మనసింకా ఒప్పుకోవడం లేదు గానీ, ఆసుపత్రిలో మిమ్మల్ని బయట నిలబెట్టడం అన్యాయమే. విల్లుకి సాక్షి కావాలంటే నేనొస్తాను.

నల్లకుంట_వకీలు
మాస్టారి మనసు మంచిదే. కానీ అమ్మా, సాక్షులుగా మీకంటే చిన్నవాళ్ళని పెట్టుకోండి. ఆ విల్లు అవసరమయ్యే రోజుకి వాళ్ళు కోర్టుకొచ్చి చెప్పగలగాలి.