కోఆప్ దుకాణాల్లో విడి సరుకుల డబ్బాలు: మన వంటకు ఏవి తీసుకోవచ్చు?

మాడిసన్_కొత్తకాపురం
ఈమధ్యే అమెరికాలోని మాడిసన్‌కు వచ్చాం. మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో విల్లీ స్ట్రీట్ కోఆప్ ఉంది. 1974 నుంచి నడుస్తున్న సహకార దుకాణమట. సభ్యులు కానివాళ్లు కూడా కొనుక్కోవచ్చని చెప్పారు. పప్పులు, గింజలు, పిండి, మసాలా దినుసులు డబ్బాల్లో ఉంచారు. కావలసినంత తీసుకుని తూకం వేయించుకోవాలి. కారు లేకపోవడం వల్ల భారతీయ దుకాణానికి తరచూ వెళ్లలేం. నెల సరుకుల్లో ఏవి ఇక్కడే తీసుకోవచ్చు? ఇంట్లోని సీసాలు తీసుకెళ్తే తూకం ఎలా వేస్తారు?

సీసాల_అలమర
తూకం సంగతి నేను చెప్తాను. గింజలు నింపకముందే ఖాళీ సీసాను కాటా మీద పెట్టి, ఆ బరువు సీసా మీద రాసుకోవాలి. కొన్ని చోట్ల కౌంటరులో వాళ్లే తూచి రాసిస్తారు. తర్వాత డబ్బా మీదున్న అంకె రాసుకోవాలి. బిల్లు వేసే మనిషి ఆ అంకె కొట్టి, సీసా బరువు తీసేస్తారు. లీటరు పట్టే గాజు సీసా ఒక్కటే దాదాపు పౌండు ఉంటుంది. పౌండు 10 డాలర్ల జీడిపప్పు కొంటూ ఖాళీ బరువు రాయించకపోతే, గాజుకే ఇంచుమించు 10 డాలర్లు కట్టినట్టు. సీసా పొడిగా ఉండాలి, తడి తగిలితే పిండి ఉండ కడుతుంది. ఎక్కువగా తీసుకున్నామని మిగిలింది మళ్లీ డబ్బాలో పోయకండి. అది అందరూ తినే సరుకు.

పప్పుల_పద్దు
పప్పుల దగ్గర కంటితో చూసి తీసుకోకండి. కందిపప్పులా పచ్చగా, బద్దలుగా కనిపించేది చాలావరకు బఠానీ పప్పు. దానితో సాంబారు పెడితే బఠానీ వాసనే వస్తుంది, ఉడకడానికీ ఎక్కువసేపు పడుతుంది. నేను చూసిన కోఆప్‌లలో అసలైన కందిపప్పు అరుదు, మినపగుళ్లు అంతకన్నా అరుదు. ఈ రెండింటికీ భారతీయ దుకాణమే దిక్కు.

నిశ్చింతగా తీసుకోదగ్గవి కూడా చాలా ఉన్నాయి. ఎర్రగా ఉండేది మన మైసూరు పప్పే, తొందరగా ఉడుకుతుంది. మొలకల కోసం అమ్మే పెసలు పెసరట్టుకు బాగా పనికొస్తాయి. కాకపోతే పక్కనే ఆకుపచ్చగా, బిళ్లల్లా చదునుగా ఉండేవి వేరే పప్పుధాన్యం, పెసలు కావు. పెసర గింజ నిండుగా, కోలగా ఉంటుంది. బొబ్బర్లు, కాబూలీ శనగలు, నువ్వులు, అవిసె గింజలు మామూలుగానే దొరుకుతాయి. చిరుధాన్యాల్లో మిల్లెట్ అని మాత్రమే రాసి, పసుపు రంగులో గుండ్రంగా ఉంటే అవి సాధారణంగా పొట్టు తీసిన వరిగలు. కొర్రలనుకుని కొంటారు చాలామంది. ఉప్మాకు వరిగలు చక్కగా సరిపోతాయి, పొడిపొడిగా వస్తాయి.

శాన్‌ఫ్రాన్సిస్కో_వంటిల్లు
మా ఊళ్లో రెయిన్‌బో గ్రోసరీ అనే సహకార దుకాణం ఉంది. 1975లో మొదలైంది, పనివాళ్లే యజమానులు, మాంసం అమ్మరు. విడి సరుకుల విభాగం పెద్దది. అయినా బియ్యం, పప్పులు అక్కడ కొనడం నాకు నచ్చదు. అవి భారతీయ దుకాణంలో పెద్ద సంచుల్లో చవక. కోఆప్‌లో నేను కొనేవి మసాలా దినుసులు. పౌండు 16 డాలర్లని చూసి వెనకడుగు వేయకండి. పౌండుకు 16 ఔన్సులు, అంటే ఔన్సు ఒక డాలరు. 28 గ్రాముల జీలకర్ర ఇద్దరున్న ఇంటికి చాలా రోజులు వస్తుంది. ధనియాలు, మెంతులు, మిరియాలు, లవంగాలు అలా కొద్దికొద్దిగా, వాసన పోకముందే తెచ్చుకోవచ్చు. ఆవాలు మాత్రం ముదురు రంగువే తీసుకోండి. పసుపు ఆవాలతో పోపుకు ఆ ఘాటు రాదు.

పప్పుల_పద్దు
ధర విషయంలో మీరన్నది నిజమే. కానీ కారు లేనివాళ్లకు పది కిలోల సంచి మోసుకుని రావడం ఎలా? నడిచి వెళ్లి అరకిలో మైసూరు పప్పు తెచ్చుకోగలగడం చిన్న సౌకర్యం కాదు.

పల్లీ_పడని_ఇల్లు
పిల్లలకు వేరుశనగ పడని ఇళ్లవాళ్లు దయచేసి ఇది చదవండి. మా అబ్బాయి కోసం ఈ డబ్బాల దగ్గరకే వెళ్లం. ఒక డబ్బాలో వాడిన గరిటె మరో డబ్బాలోకి వెళ్తుంది, వేరుశనగలు రుబ్బే మర కూడా చాలాచోట్ల అక్కడే ఉంటుంది. మీట లాగితే గింజలు జారే నిలువు డబ్బాల్లో గరిటె బెడద లేదు గానీ, నింపేటప్పుడు ఏం కలిసిందో మనకు తెలియదు. గోధుమ పడనివాళ్లకు ఓట్స్ విషయంలోనూ ఇదే ప్రమాదం. మూసి ఉన్న ప్యాకెట్టే తీసుకోండి. డబ్బు మిగలలేదని బాధపడే విషయం కాదిది.

మాడిసన్_కొత్తకాపురం
చాలా ఉపయోగపడ్డాయి. మరి పురుగు పడుతుందన్న భయం?

సీసాల_అలమర
పడవచ్చు. పిండిలో, గింజల్లో సన్నని సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే చిమ్మటలు గుడ్లు పెట్టినట్టే, అది తీసుకోకండి. ఇంటికి తెచ్చాక గాలి చొరని సంచిలో కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేవరకు మూత తెరవకండి, తెరిస్తే చెమ్మ పడుతుంది. ముడిబియ్యం, గోధుమపిండి, అవిసెల పొడి లాంటివి నూనె ఉన్న సరుకులు, త్వరగా కనరెక్కుతాయి. కొనేముందు వాసన చూడండి. డబ్బా ఎప్పుడు నింపారో సిబ్బందిని అడగండి, చెప్తారు. బాగా అమ్ముడయ్యే డబ్బా నుంచే తీసుకోవడం మంచిది. ఎంతసేపు ఉడికించినా మెత్తబడని శనగలు చాలాసార్లు పాతసరుకే.

శాన్‌ఫ్రాన్సిస్కో_వంటిల్లు
ఇంకొకటి. చాలా కోఆప్‌లలో మొత్తం బస్తా ముందే చెప్పి తెప్పించుకుంటే ధర తగ్గిస్తారు. మీ ఊళ్లో తెలుగువాళ్లు రెండు మూడు కుటుంబాలు కలిసి పెసలో, ముడిబియ్యమో ఒక బస్తా తెప్పించుకుని పంచుకోవచ్చు. మినపగుళ్లు లేవంటే వాటిని పెట్టమని అడగండి. కొనేవాళ్ల మాట వినడం సహకార దుకాణాల పద్ధతి. నలుగురు అడిగితే తెప్పించే అవకాశం ఉంది.

మాడిసన్_కొత్తకాపురం
శనివారం వెళ్తున్నాను, మినపగుళ్ల సంగతి అడిగి ఇక్కడే రాస్తాను. మాడిసన్‌లో ఉన్నవాళ్లు బస్తాలో వాటా కావాలంటే చెప్పండి.