వెబ్‌హుక్ లోకల్‌కి వస్తోంది కానీ ప్రతిసారీ 400, సిగ్నేచర్ కలవడం లేదు

సర్వర్ నోడ్ 20, ఎక్స్‌ప్రెస్ 4 (జావాస్క్రిప్ట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్). పేమెంట్ గేట్‌వే కమాండ్ లైన్ టూల్‌తో టెస్ట్ ఈవెంట్లను (వెబ్‌హుక్ అంటే గేట్‌వే నా సర్వర్‌కి పంపే ఇలాంటి మెసేజే) నా ల్యాప్‌టాప్‌లో 4242 పోర్టుకి ఫార్వర్డ్ చేస్తున్నాను. టెర్మినల్‌లో ఈవెంట్ కనిపిస్తుంది, ఆ కిందే 400, అంటే రిక్వెస్ట్ సరిగ్గా లేదన్న ఎర్రర్.

సిగ్నేచర్ (మెసేజ్ గేట్‌వే నుంచే వచ్చిందని చూపే గుర్తు) సరిచూడటానికి మొదట గేట్‌వే డాష్‌బోర్డులోని సీక్రెట్ పెట్టాను, అది నా తప్పే. లిజన్ కమాండ్ మొదలవగానే చూపించే సీక్రెట్ వేరు కదా. దాన్ని పెట్టి సర్వర్ రీస్టార్ట్ చేశాను, అక్షరం అక్షరం పోల్చాను, చివర స్పేస్ కూడా లేదు. ల్యాప్‌టాప్ టైమ్ సరిగ్గానే ఉంది.

వెబ్‌హుక్ రూట్‌కి ఎక్స్‌ప్రెస్ రా (బాడీని మార్చకుండా ఇచ్చేది) పెట్టినా, బాడీ ప్రింట్ చేస్తే బఫర్ (ముడి బైట్లు) బదులు మామూలు ఆబ్జెక్ట్ వస్తోంది. ఫైలు మొదట్లో, రూట్లన్నిటికీ పైన, ఎక్స్‌ప్రెస్ జేసన్ (బాడీని ఆబ్జెక్ట్‌గా మార్చేది) లైన్ ఉంది. మిగతా రూట్లకి అది కావాలి. శుక్రవారమే డెమో, చాలా టెన్షన్‌గా ఉంది.

ఆ లైన్ తీసేయకుండా, వెబ్‌హుక్ రూట్‌కి మాత్రం బాడీ ఉన్నదున్నట్టు అందాలంటే వీటిని ఏ వరసలో రాయాలి?